‘వృద్ధులే’ అన్న మాటలోని ఏత్వం

సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ కారణంగా విధించిన అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఆ తర్వాత మాస్కులు తీసేశాం, దూరాలు మరిచిపోయాం. కానీ ఆ మూడేళ్లలో అలవాటైన ఒక వాక్యాన్ని మాత్రం వదులుకోలేకపోయాం. ఎక్కడ ఏ జ్వరం ప్రబలినా, వడగాడ్పులకు ఎక్కడ జనం చనిపోయినా, వార్తలో రెండో వాక్యంగానో మూడో వాక్యంగానో అది వచ్చి కూర్చుంటుంది: ‘మృతుల్లో ఎక్కువమంది వృద్ధులే.’ ఆ ‘వృద్ధులే’ అన్న మాట చివర ఉన్న ఏత్వం గురించి మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

‘మృతుల్లో ఎక్కువమంది వృద్ధులు’ అని రాస్తే అది సమాచారం. అది చదివినవారు తమ ఇంట్లోని పెద్దవారిని తలచుకుంటారు. మందు ముందుగా ఎవరికి చేరాలో అధికారులు ఆలోచిస్తారు. ‘వృద్ధులే’ అనగానే చదివేవారి మనసు కుదుటపడుతుంది. ప్రమాదం మన దాకా రాలేదు, పోయినవారు ఎలాగూ పోవలసినవారు అన్న అర్థమంతా ఆ ఒక్క అచ్చులో ఇమిడిపోతుంది. రాసినవారికి ఆ ఉద్దేశం ఉండదనే నేను నమ్ముతున్నాను. అయితే ఏళ్ల తరబడి రోజూ ఉదయాన్నే ఆ మాట చదివిన సమాజం, ఖాళీగా ఉన్న ఒక్క మంచం ఎవరికివ్వాలి, ఎవరి ఫోన్‌కు ముందుగా బదులివ్వాలి అన్న సందర్భం వచ్చినప్పుడు తెలియకుండానే ఆ మాట ప్రకారమే నడుచుకుంటుంది.

మా అమ్మ 2021లో కోవిడ్‌తోనే చనిపోయింది. అప్పటికి ఆమెకు 81 ఏళ్లు. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. జ్వరం వచ్చిన మరుసటి రోజు నుంచి ఆక్సిమీటర్ వేలికి తగిలించుకుని, వచ్చిన అంకెను ఒక పాత డైరీ వెనక పేజీల్లో తానే రాసుకునేది. ఎడమ పక్కన వేళ, కుడి పక్కన అంకె, మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత. 96, 95, 95, 93. నాలుగో రోజు ఉదయం 91 వచ్చినప్పుడు తానే నాకు ఫోన్ చేసి, ‘ఇది వరుసగా తగ్గుతోందమ్మా, ఇక ఆలస్యం చేయకూడదు’ అంది. నేను ఒక ఆసుపత్రికి ఫోన్ చేశాను. అవతలి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న ‘పేషెంటుకు వయసెంతండీ?’ అని. చెప్పాను. ఆ తర్వాత ఇంకో ప్రశ్న రాలేదు. ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పబోతే, ‘ఆ వయసు వాళ్లను ఇప్పుడు తీసుకోవడం లేదండీ, ఇంట్లోనే చూసుకోండి’ అని ఫోన్ పెట్టేశారు. మూడు రోజులు తిరిగిన తర్వాత, ఏడో రోజు రాత్రి ఇంకోచోట మంచం దొరికింది. పదకొండో రోజు ఆమె పోయింది. డైరీలో ఆమె చేతిరాతలో ఉన్న చివరి అంకె 86. అందులో 8 సగం దాకా బాగానే వచ్చి, చివర వంకర పోయింది.

ఆ రోజు ఫోన్ ఎత్తిన అమ్మాయి మీద నాకు కోపం లేదు. అక్కడ మంచాలు నిజంగానే లేకపోయి ఉండవచ్చు. అలాంటి ఫోన్లు ఆ ఉదయం ఆమె ఎన్ని ఎత్తిందో. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ తర్వాతి విషయం. పరామర్శకు వచ్చినవారు, ఫోన్ చేసినవారు, దాదాపు అందరూ అడిగింది కూడా ఆ ప్రశ్నే. ‘ఎంత ఉంటాయండీ ఆవిడకు?’ ఎనభై ఒకటి అని చెప్పగానే ఎదుటివారి ముఖంలో ఏదో సర్దుకునేది. ‘పోనీలెండి, పెద్ద వయసే కదా, సునాయాసంగా వెళ్లిపోయారు’ అనేవారు. ఆమె సునాయాసంగా వెళ్లలేదు. ఊపిరి అందక వెళ్లింది. నలభై ఏళ్ల మనిషి పోయి ఉంటే ఎప్పుడు చేర్చారు, ఎందుకు ఆలస్యమైంది, ఆక్సిజన్ అందిందా అని గుచ్చి గుచ్చి అడిగే మనుషులే, వయసు వినగానే ప్రశ్నలు మానేశారు. వారంతా మంచివారు, మా మేలు కోరేవారు. అందుకే ఇది ఏ ఒక్కరి మనసులోనో ఉన్న చెడు అని నేను అనుకోవడం లేదు. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు వయసే జవాబని మనమందరం కలిసి ఒప్పేసుకున్నాం.

ఆ జవాబు నిజమేనా అన్నది అంకెలతో చూడవచ్చు. కోవిడ్ వయసుతో పాటు ప్రమాదం పెరిగే వ్యాధి అన్నది కాదనలేని విషయం. టీకాలు రాకముందు, 2020లో, అనేక దేశాల సమాచారాన్ని కలిపి పరిశోధకులు వేసిన ఒక లెక్క ప్రకారం, వ్యాధి సోకినవారిలో మరణించేవారు 55 ఏళ్ల వయసులో 0.4 శాతం, 65లో 1.4 శాతం, 75లో 4.6 శాతం, 85లో సుమారు 15 శాతం. ఈ మెట్లు చాలా నిటారుగా ఉన్నాయి, నిజమే. కానీ ఇవే అంకెలను ఇంకోవైపు నుంచి చదివి చూడండి. టీకా గానీ ఖాయమైన మందు గానీ లేని ఆ కాలంలో సైతం, 75 ఏళ్ల వయసులో వ్యాధి సోకిన నూరు మందిలో 95 మంది బతికారు. 85 ఏళ్లవారిలో 85 మంది బతికారు. ‘కరోనాను జయించిన బామ్మ’ అంటూ అప్పట్లో పత్రికలు బాక్సు కట్టి వేసిన వార్తలు నాకు గుర్తున్నాయి. ఆ వార్తల వెనుక ఉన్నది సంతోషమే గానీ, అవి చెప్పకనే చెప్పిన మాట ఏమిటంటే, ఆ వయసులో పోవడం మామూలు, బతకడం వింత. వాస్తవం అందుకు సరిగ్గా ఎదురుగా ఉంది.

పోయినవారు ‘ఎలాగూ రేపోమాపో పోయేవారే’ అన్న మాట కూడా నిలవదు. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ఈ విషయాన్నే పరిశీలించారు. చనిపోయినవారికి అంతకుముందే ఉన్న దీర్ఘకాలిక వ్యాధులను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, ఒక్కొక్కరూ కోల్పోయిన ఆయుష్షు సగటున పదేళ్లకు పైనే ఉందని తేల్చారు. పదేళ్లంటే ఒక పసిబిడ్డ బడికి వెళ్లి, చదవడం రాయడం నేర్చి, తాతయ్యతోనో అమ్మమ్మతోనో వాదనకు దిగేంత కాలం.

నిండు నూరేళ్లు చల్లగా ఉండమని దీవించే భాష మనది. ఆ భాషలోనే ‘కాటికి కాళ్లు చాచుకున్న వయసు’, ‘కృష్ణా రామా అనుకునే వయసు’ అన్న మాటలూ ఉన్నాయి. మామూలు రోజుల్లో ఇవి పక్కపక్కనే ఉంటూ ఒకదాన్నొకటి సర్దుకుపోతుంటాయి. వ్యాధి ప్రబలిన రోజుల్లో మాత్రం దీవెన వెనక్కి తగ్గి రెండో రకం మాట ముందుకు వస్తుంది. ఇది మన భాషకే పరిమితమైన జాడ్యం కాదు. 2020 మార్చిలో ఆంగ్ల సామాజిక మాధ్యమాల్లో కొందరు యువకులు ఆ వైరస్‌కు ‘బూమర్ రిమూవర్’ అని పేరు పెట్టి, ముందు తరాన్ని ఊడ్చిపెట్టే యంత్రంగా దాన్ని చెప్పుకుని నవ్వుకున్నారు. ఆ నెలలోనే అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ టీవీలో మాట్లాడుతూ, ఆర్థిక వ్యవస్థను మనవల కోసం నిలబెట్టేందుకు తనలాంటి పెద్దవారు ప్రాణాపాయానికి సిద్ధపడతారన్న అర్థంలో మాట్లాడారు. తన ప్రాణం గురించి ఎవరైనా అలా అనుకోవచ్చు. కానీ పదవిలో ఉన్న మనిషి నోట ఆ మాట వచ్చినప్పుడు అది ఒక తరం మొత్తం తరఫున, ఆ తరాన్ని అడగకుండా ఇచ్చేసిన హామీ అవుతుంది.

వయసును అలా జవాబుగా ఒప్పుకోవడం మాటలతో ఆగదు, లెక్కల పట్టికల్లోకి కూడా ఎక్కుతుంది. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 2030 నాటికి గుండె జబ్బులు, క్యాన్సర్, మధుమేహం వంటి వ్యాధుల వల్ల కలిగే అకాల మరణాలను మూడో వంతు తగ్గించాలన్న లక్ష్యం ఒకటి ఉంది. దాన్ని కొలవడానికి పెట్టుకున్న సూచిక 30 నుంచి 70 ఏళ్ల మధ్య సంభవించే మరణాలనే చూస్తుంది. 71వ ఏట గుండెపోటుతో పోయిన మనిషి మరణం ఆ కొలతకు అందదు. అంటే అది అకాల మరణం కాదన్నమాట. ఏది కాలమో, ఏది అకాలమో ఒక పట్టిక నిర్ణయించేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల కొత్త వర్గీకరణలో ‘వృద్ధాప్యం’ అన్న మాటనే ఒక సంకేతంగా చేర్చబోతే, పలు దేశాల నుంచి అభ్యంతరాలు వెల్లువెత్తాయి. 2022 జనవరిలో ఆ వర్గీకరణ అమల్లోకి వచ్చే వేళకు ఆ మాటను విరమించుకోక తప్పలేదు. వృద్ధాప్యాన్నే మరణ కారణంగా రాసే వీలుంటే, దాని వెనుక ఉన్న న్యుమోనియాను గానీ, అందని చికిత్సను గానీ ఎవరూ వెతకరన్నది అభ్యంతరం చెప్పినవారి భయం. మన పత్రికల్లో ‘వయోభారంతో కన్నుమూశారు’ అన్న మాటను ఎంత అలవోకగా రాస్తామో ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి.

ఇక చికిత్సను పంచుకోవలసి వచ్చిన చోట ఏం జరిగిందో చూద్దాం. 2020 మార్చి 6న ఇటలీలో మత్తు వైద్య, ఇంటెన్సివ్ కేర్ నిపుణుల సంఘం ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. వైద్య వనరులు పూర్తిగా అడుగంటితే, ఐసీయూలో చేర్చుకోవడానికి వయోపరిమితి పెట్టవలసి రావచ్చని అందులో రాశారు. ఆ వైద్యులను నిందించడానికి నాకు నోరు రాదు. కారిడార్లలో రోగులు పడి ఉంటే, ఎవరిని ఎంచుకోవాలో తెలియక కుమిలిపోతూ రాసిన కాగితం అది. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో మళ్లీ విధుల్లో చేరి ప్రాణాలు పోగొట్టుకున్న వైద్యులు కూడా ఆ దేశంలో ఉన్నారు. నేను గుర్తు చేయదలచుకున్నది వేరు. 2021 జనవరిలో అదే సంఘం న్యాయవైద్య నిపుణులతో కలిసి కొత్త పత్రం తయారు చేసినప్పుడు, వయసును ముందే గీసిన గీతగా వాడకూడదని, మనిషి ఆరోగ్యాన్ని మొత్తంగా అంచనా వేసేటప్పుడు మాత్రమే దాన్ని ఒక అంశంగా చూడాలని రాసింది. అంటే అనుభవంలోంచే వారు తమను తాము సరిదిద్దుకున్నారు. 80 ఏళ్లకు చకచకా నడిచే మనిషీ ఉంటారు, 60కే మంచం పట్టిన మనిషీ ఉంటారు. వైద్యుడు చూడవలసింది ఎదురుగా ఉన్న శరీరాన్ని, జనన ధ్రువపత్రాన్ని కాదు. మా అమ్మ విషయంలో ఫోన్‌లో అడగవలసిన మొదటి ప్రశ్న ఆక్సిజన్ ఎంత ఉందని. ఆమె ఆ జవాబును గీత గీసి మరీ సిద్ధంగా ఉంచుకుంది.

ఆసుపత్రి దాకా రాకుండానే పోయినవారి సంగతి మరీ ఘోరం. 2020 మార్చి 23న స్పెయిన్ రక్షణ మంత్రి మార్గరీటా రోబ్లెస్ ఒక టీవీ కార్యక్రమంలో, వృద్ధాశ్రమాలను శుభ్రం చేయడానికి వెళ్లిన సైనికులకు కొన్నిచోట్ల పెద్దవారు పూర్తిగా వదిలేసిన స్థితిలో, కొందరు పడకల మీదే చనిపోయి కనిపించారని వెల్లడించారు. కెనడాలో తొలి విడతలో నమోదైన కోవిడ్ మరణాల్లో దాదాపు 80 శాతం దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రాల్లోని వారివే. అక్కడ సాయానికి వెళ్లిన సైన్యం, తాము చూసిన నిర్లక్ష్యాన్ని 2020 మేలో నివేదికగా రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ మరణాలకు కారణం వయసని రాస్తే అది సగం నిజం కూడా కాదు. చాలీచాలని సిబ్బంది, ఒకే మనిషి రెండు మూడు కేంద్రాల్లో పనిచేస్తే తప్ప గడవని జీతాలు, ఒకే గదిలో పలువురు, చివరిగా అందిన రక్షణ సామగ్రి: ఇవన్నీ మనుషులు చేసిన ఏర్పాట్లు. వయసును మార్చలేం, వీటిని మార్చగలం. అందుకే కాబోలు, వయసు పేరు చెప్పడం అందరికీ సుఖంగా ఉంటుంది.

ప్రశ్న ఆగిపోకుండా కొనసాగితే ఏమవుతుందో చెప్పడానికి ఫ్రాన్స్ ఒక ఉదాహరణ. 2003 ఆగస్టులో అక్కడ వడగాడ్పులకు సుమారు 15,000 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది 75 దాటినవారు, అందులోనూ ఎందరో ఒంటరిగా ఉంటున్నవారు. సెలవుల నెల కావడంతో కుటుంబాలు, వైద్యులు కూడా ఊళ్లలో లేరు. పారిస్‌లో 57 మంది భౌతికకాయాల కోసం ఎవరూ రాలేదు. సెప్టెంబర్ 3న జరిగిన వారి ఖననానికి దేశాధ్యక్షుడు జాక్ షిరాక్ స్వయంగా హాజరయ్యారు. ఆ సంఘటన తర్వాత ‘ముసలివారు ఎండకు తట్టుకోలేరు’ అని ఊరుకోలేదు. ఒంటరిగా ఉంటున్న పెద్దవారి పేర్లతో ప్రతి పురపాలక సంస్థా జాబితా ఉంచుకోవాలని, వడగాడ్పుల హెచ్చరిక రాగానే వారిని పలకరించాలని ఏర్పాటు చేశారు. పెద్దవారి సంరక్షణకు నిధులు సమకూర్చడానికి ఉద్యోగులు ఏడాదికి ఒకరోజు అదనపు వేతనం లేకుండా పనిచేసే చట్టం 2004లో వచ్చింది. ఆ చట్టం మీద అక్కడ విమర్శలు లేకపోలేదు. అయినా, పోయినవారి వయసు చూసి సరిపెట్టుకోకుండా, ఎవరు వారి తలుపు తట్టలేదని ఒక దేశం తనను తాను అడిగింది.

ఇంతవరకూ పట్టించుకోకపోవడం గురించి రాశాను. అడగకుండా కాపాడడం గురించి కూడా రాయాలి, ఎందుకంటే అందులో నాకూ భాగం ఉంది. 2020 మార్చి 21న టర్కీ 65 ఏళ్లు దాటినవారు ఇల్లు కదలకూడదని ఆజ్ఞాపించింది. కొలంబియాలో 70 దాటినవారికి మిగతా వయోజనులకంటే కఠినమైన ఆంక్షలు పెట్టారు. అక్కడి పెద్దవారు కొందరు, వారిలో మాజీ మంత్రులు కూడా ఉన్నారు, ‘నెరిసిన జుట్టు తిరుగుబాటు’ అని పేరు పెట్టుకుని న్యాయస్థానానికి వెళ్లి, 2020 జూలైలో గెలిచారు. వ్యాధి ప్రమాదం తమకు ఎక్కువని వారికి తెలియక కాదు. ఆ ప్రమాదాన్ని తూచుకునే తెలివి, హక్కు తమకు ఇంకా ఉన్నాయని వారు చెప్పదలచుకున్నారు.

మా మేనమామ తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 76 ఏళ్ల వయసులోనూ తెల్లవారకముందే లేచి ఐదు కిలోమీటర్లు నడిచేవారు. 2020 మార్చిలో ఆయన పిల్లలు ఆయన్ను మేడమీది గదిలో ఉంచారు. పుస్తకాలు, టీవీ, మందులు, ఫోన్, దేనికీ లోటు చేయలేదు. గుమ్మం బయట స్టూలు మీద పళ్లెం పెట్టి, తలుపు తట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడేవారు. ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. మధ్యలో ఆంక్షలు సడలి, ఇంట్లో మిగిలినవారంతా ఉద్యోగాలకు, బంధువుల ఇళ్లకు వెళ్లివస్తున్నప్పుడు కూడా ఆయనకు మాత్రం మెట్లు దిగే వీలు లేదు. టీకా రెండో డోసు అయ్యాక కిందికి తీసుకువస్తుంటే ఇద్దరు చెరోవైపు పట్టుకోవలసి వచ్చింది. నడక ఆగిపోయిన కాళ్లలో కండ కరిగిపోయింది. ఆ వయసులో అలా కరిగిన కండ మళ్లీ రావడం చాలా కష్టం. ‘నన్ను కాపాడారో, దాచిపెట్టారో నాకే తేలలేదమ్మా’ అని ఆయన ఒకసారి నాతో అన్నారు. అది ఫిర్యాదు కాదు. నిజంగానే తేల్చుకోలేక అన్న మాట. ఆ పద్నాలుగు నెలల్లో వారానికోసారి నేను ఆయనకు ఫోన్ చేసి, మందులు వేసుకుంటున్నారా, జాగ్రత్తగా ఉంటున్నారా అని అడిగేదాన్ని. బయటకు రావాలని ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అతి జాగ్రత్త ప్రాణం మీదికి తెచ్చిన సందర్భం కూడా ఉంది. బ్రిటన్‌లో 2020 డిసెంబర్ 8న మొదటి టీకా 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కు వేశారు. చాలా దేశాలు పెద్దవారినే వరుసలో ముందు నిలబెట్టాయి. అది ఆ కాలంలో జరిగిన మంచి పనుల్లో ఒకటి. హాంకాంగ్‌లో మాత్రం టీకాలు పుష్కలంగా ఉన్నా, ఈ వయసులో సూది తట్టుకోలేరేమో అన్న భయంతో కుటుంబాలు వెనకాడాయి. 2022 మొదట్లో ఒమిక్రాన్ వచ్చిపడేనాటికి 80 దాటినవారిలో సగం మందికి కూడా టీకా పడలేదు. ఆ మార్చిలో హాంకాంగ్ మరణాల రేటు ప్రపంచంలోనే అత్యధిక స్థాయికి చేరింది. వారు వయసు వల్ల పోయారందామా, వయసు పేరుతో టీకా ఇవ్వకపోవడం వల్ల పోయారందామా?

వయసుకూ వ్యాధికీ మధ్య సంబంధం ఎప్పుడూ ఒకేలా ఉండదని కూడా మరిచిపోతున్నాం. 1918 ఇన్‌ఫ్లుయెంజా 20 నుంచి 40 ఏళ్ల మధ్య వారిని అనూహ్యంగా పొట్టన పెట్టుకుంది. 2009లో వచ్చిన హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) వైరస్ 60 దాటినవారికి తక్కువగా సోకింది; ఎన్నో ఏళ్ల క్రితం అలాంటి వైరస్‌ను ఎదుర్కొన్న రక్షణ వారి శరీరాల్లో మిగిలి ఉండడమే కారణమని పరిశోధకులు వివరించారు. ఆ రెండు సందర్భాల్లోనూ ‘మృతుల్లో ఎక్కువమంది యువకులే’ అని ఎవరూ ఊరట పొందలేదు.

పెద్దవారి విలువ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వారి ఉపయోగాన్ని గుర్తు చేస్తారు. నాకూ ఆ కోరిక కలుగుతుంది. 65 దాటితే ఇల్లు కదలవద్దని ప్రభుత్వాలు శాసించిన 2020లోనే, 65 ఏళ్ల శాస్త్రవేత్త కతలిన్ కరికో దశాబ్దాల శ్రమ కోవిడ్‌కు ఎంఆర్‌ఎన్‌ఏ టీకాగా ఫలించింది. 2023లో ఆమెకు సహ పరిశోధకుడు డ్రూ వైస్‌మన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికా ప్రజలకు ఆ ఏడాది వ్యాధి గురించి విడమరచి చెప్పిన ఆంటనీ ఫౌచీ వయసు 79. కానీ ఈ వాదనను ఎక్కువ దూరం లాగడం నాకు ఇష్టం లేదు. నోబెల్ తేలేని, మనవలను కూడా ఎత్తుకోలేని, మంచం మీద నుంచి లేవలేని మనిషి ఊపిరి కూడా ఊపిరే. పనికివస్తేనే బతకాలన్న తూకంలో పెద్దవారిని గెలిపించి ప్రయోజనం లేదు. ఆ తూకమే ఉండకూడదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ 2020 మే 1న వృద్ధుల గురించి విధాన పత్రం విడుదల చేస్తూ, తానూ ఒక వృద్ధుడినేనని, తనకంటే పెద్దదైన తల్లి బాధ్యత తనకు ఉందని చెప్పుకున్నారు. వయసు, ఆరోగ్యం ఏవైనా ప్రతి ప్రాణానికీ సమాన గౌరవం దక్కాలన్నదే ఆ పత్రం సారాంశం. మరుసటి ఏడాది మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నివేదికలో, ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి పెద్దవారి పట్ల వయో వివక్ష ఉందని పేర్కొంది. ఇద్దరిలో ఒకరంటే, ఈ ఉత్తరం రాస్తున్న నేనో, చదువుతున్న మీరో.

ఇప్పుడు మీ పత్రికకు నా విన్నపం. మహమ్మారి గురించిన వార్తలకు పెద్దవారి ఫోటోలు వేసేటప్పుడు ముడతలు పడిన చేతుల దగ్గర ఆగిపోకండి. వారికి ముఖాలు ఉన్నాయి. ‘60 దాటినవారు’ అని ఒకే గడిలో అందరినీ పోయకండి. 60కీ 95కీ మధ్య ముప్పై అయిదేళ్లు ఉన్నాయి. 25 ఏళ్ల మనిషిని, 60 ఏళ్ల మనిషిని ఒకే గడిలో ఎవరూ కూర్చోబెట్టరు. సంరక్షణ కేంద్రాల గురించి రాసేటప్పుడు యజమానుల, అధికారుల మాటలతో పాటు అక్కడ ఉంటున్నవారి మాట కూడా వేయండి. వారిని అడగడానికి విలేకరికి ఒక ఫోన్ చాలు. మా ఇంట్లో మేము చేయని పని అదే.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈసారి ఏ వ్యాధి ప్రబలినా, చనిపోయిన పెద్దవారి గురించి రాసేటప్పుడు వయసు దగ్గర వాక్యాన్ని ముగించవద్దు. వయసు వేయండి, అది అవసరమైన సమాచారమే. దాని పక్కన ఇంకో మూడు వివరాలు కూడా వేయండి: లక్షణాలు ఏ రోజు కనిపించాయి, చికిత్స కోసం ఏ రోజు అడిగారు, చికిత్స ఏ రోజు అందింది. 30 ఏళ్ల మనిషి చనిపోయినప్పుడు మీ విలేకరులు ఈ మూడూ తప్పకుండా కనుక్కుంటారు. మా అమ్మ విషయంలో ఆ మూడు తేదీలూ ఆమె డైరీలోనూ, నా ఫోన్‌లోనూ ఉన్నాయి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు